గజ్జెల పొట్టేలు

చెయ్యి ముందు పోయింది, కన్ను తర్వాత చూసింది. సుమిత్ర అట్టను ఫర్రున చింపి ఎడమపక్క బుట్టలో పడేసి, పిన్నులు పీకడానికి పుస్తకాన్ని తిరగేసింది. లోపలి మొదటి పేజీలోంచి ఒక పొట్టేలు, నాలుగు కాళ్ళకూ గజ్జెలు కట్టుకుని, తల కాస్త పక్కకు వంచి ఆమె వైపే చూస్తోంది.

ఇరవై ఏళ్ళుగా ఆ చేతికి తెలిసిన పని అదే. నిగనిగలాడే అట్ట గుజ్జులో కరగదు, అందుకని దానికొక బుట్ట. పిన్నులకు ఒక రేకు డబ్బా. తెల్ల కాగితం ఒక కుప్ప, పసుపుబారింది ఇంకో కుప్ప. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఆ చిత్తుకాగితాల గోదాంలో బారుగా కూర్చున్న ఎనిమిదిమంది ఆడవాళ్ళలో ఎవరి చేతికి పుస్తకమిచ్చినా ముందు అట్ట చింపుతారు. ఇంటికి వెళ్ళి పిల్లల కొత్త నోటుబుక్కు పట్టుకున్నా వాళ్ళ బొటనవేలు అట్ట అంచు దగ్గరికే పోతుంది.

సుమిత్ర వంగి బుట్టలోంచి ఆ అట్టను వెతికి తీసింది. చిరుగు సరిగ్గా పొట్టేలు కొమ్ములోంచి పోయింది. రెండు ముక్కలనూ మోకాలి మీద పెట్టుకుని అతికించినట్టు కలిపి చూసింది. 'గజ్జెల పొట్టేలు, ఆరవ సంచిక' అని ఎర్ర అక్షరాలు.

పక్కన కూర్చున్న ముత్యమ్మ ఇదంతా ఓరగా చూస్తూనే ఉంది. గోదాంలో అందరికంటే పెద్దావిడ, నోరు ఊరుకోదు.

"ఏంది పిల్లా, ఇంకో ఏడాదైతె మనవడిని ఎత్తుకునేదానివి. గిప్పుడు బొమ్మల పుస్తకం సదువుతున్నవా?"

సుమిత్ర ముందున్న గోనెసంచిని తన వైపు లాక్కుని లోపలికి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. ఆ లోడు జోగిపేట నుంచి వచ్చింది. అక్కడ బస్టాండు పక్కన కిరాయికి పుస్తకాలిచ్చే దుకాణం ఒకటి ఎప్పుడో మూతపడిందట, ఇప్పుడు ఆ గది ఖాళీ చేశారట. పొద్దున వ్యాను దింపేటప్పుడు కాంటా దగ్గర ఉండే కొమురయ్య చెప్పాడు. సంచి అడుగున ఇంకో పొట్టేలు దొరికింది. దాని కింద మరొకటి. మధ్యాహ్నం బువ్వ తినే గంట కొట్టేసరికి తొమ్మిదయ్యాయి. ఒక్కదాని అట్ట కూడా మళ్ళీ చింపలేదు. ఆ చేతిని అంతసేపు ఆపి పట్టడంతో మణికట్టు నొప్పి పుట్టింది.

ఇవే పుస్తకాలు పదకొండేళ్ళ క్రితం ఆమె తన చేతులతోనే ఇదే గోదాంలో కుప్పలో పోసింది. అవి కూడా ఇక్కడి నుంచే ఒకటొకటిగా ఏరి కొడుక్కి తీసుకుపోయినవే. శ్రావణ్‌కుమార్ పదో తరగతిలో లెక్కల్లో పందొమ్మిది మార్కులు తెచ్చుకున్నప్పుడు ఆమెకు రాత్రంతా నిద్ర పట్టలేదు. వీడు ఫెయిలవుతాడు, దోస్తులతో తిరుగుతాడు, ఏ లారీ కిందో పడతాడు అని ఒక భయం ఇంకో భయాన్ని లాక్కొచ్చింది. వాడు బడికి పోయాక ఇరవై రెండు పుస్తకాలూ సంచిలో వేసుకొచ్చేసింది. సాయంత్రం వాడు ఖాళీ అరను చూసి ఏడవలేదు. "ఎన్ని కిలోలైనయమ్మా?" అని అడిగాడు. "రెండున్నర" అని ఆమె చెప్పింది. అంతే, ఆ మాట అక్కడితో అయిపోయింది.

అయిపోయిందనే అనుకుంది ఇన్నాళ్ళూ.

*

కిష్టారెడ్డిపేటలో కొత్త అపార్ట్‌మెంట్ల వెనక పాత ఇళ్ళ వరసలో, మేడ మీద రెండు గదులు వాళ్ళవి. కింద ఇంటివాళ్ళు. పైన బట్టలారేసుకునే డాబా. ఆ సాయంత్రం సుమిత్ర తొమ్మిది పుస్తకాలనూ చీర మడతలో చుట్టుకుని మెట్లెక్కేసరికి శ్రావణ్ కంపెనీకి పోవడానికి తయారవుతున్నాడు. ఆ వారం రాత్రి షిఫ్టు. అతను పనిచేసేది ఇనుప దిమ్మలను ఎర్రగా కాల్చి పెద్ద సుత్తె మిషన్ కింద పెట్టి బండ్ల సామాను చేసే కంపెనీలో. పటకారుతో దిమ్మను పట్టి మిషన్ కింద తిప్పే పని అతనిది. ఆరేళ్ళయింది, ఇంకా కాంట్రాక్టరు కింద మనిషే.

"తిన్నవా బిడ్డా?" అని వంటగదిలోంచి అడిగింది. జవాబు లేదు. "ఇయ్యాల ఎండ బాగుండె, నీళ్ళు తాగుతున్నవా అక్కడ?" అని గడప దగ్గరికొచ్చి అతని వీపు వైపు చూస్తూ అడిగింది. అతను దువ్వెన జేబులో పెట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని, వెనక్కి తిరగకుండానే వెళ్ళిపోయాడు.

రెండేళ్ళుగా ఇదే వరస. కొడుకు మాట్లాడడు. ఎదురుగా వచ్చి అడిగితే ఒకటి రెండు ముక్కలు చెబుతాడు, అదీ ఆమె మొహం వైపు గుచ్చి గుచ్చి చూస్తూ, తగువుకు వచ్చినవాడిలాగా. ఫోన్ చేస్తే ఎత్తడు. తర్వాత బొటనవేలి బొమ్మ ఒకటి పంపుతాడు. టీవీ ముందు కూర్చోవడం మానేశాడు. చెల్లెలు సృజనతో పొద్దంతా కొట్లాడేవాడు, ఇప్పుడు ఆ పిల్ల ఎంత కవ్వించినా తల ఎత్తడు. అన్నం తినేటప్పుడు గోడకు వీపు పెట్టి, తలుపు కనబడేలా ఒక మూలన కూర్చుంటాడు.

సుమిత్ర ఎందుకు, ఎందుకు అని వెతుక్కుంది. తాను చేసిన తప్పులన్నీ ఒకటొకటి తీసి చూసుకుంది. కొట్టింది లేదు. ఆకలితో పడుకోబెట్టింది లేదు. తిరిగి తిరిగి ఆ రెండున్నర కిలోల దగ్గరే ఆగింది. అప్పుడు మింగినవాడు ఇప్పుడు కక్కుతున్నాడు అనుకుంది.

జోగిపేట సంబంధం వచ్చినప్పటి నుంచి అది మరీ ముదిరింది. పిల్ల నర్సింగు చదివింది, మనిషి కూడా నెమ్మది. శ్రావణ్ ఫోటో చూశాడు, పక్కన పెట్టాడు, "నాకొద్దు" అన్నాడు. ఎందుకని తండ్రి సంగయ్య అరిచినా మళ్ళీ నోరు విప్పలేదు. సంగయ్య అమీన్‌పూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. పరువు గల మనిషి, మాట పోతే అన్నం సహించదు. ఆదివారం తాను జోగిపేట పోతున్నానని, పన్నెండింటిలోపు కొడుకు నోటి నుంచి అవుననో కాదనో, కాదంటే ఎందుకో అడిగి ఫోన్ చేయమని సుమిత్రకు చెప్పాడు. అవతలివాళ్ళు ఇంక ఆగరట.

కొడుకుతో నోరు విప్పించాలి. అందుకు తన దగ్గరున్నది ఈ పుస్తకాలే.

*

బుధవారం పొద్దున కొమురయ్య దగ్గరికి వెళ్ళి నిలబడింది. గోదాంలోంచి ఎవరూ కాగితం ముక్క బయటికి తీసుకుపోకూడదని సేటు నియమం. కానీ కొమురయ్యది ఇంకో నియమం ఉంది, అది సేటుకు తెలిసినా తెలియనట్టు ఉంటాడు. ఎవరికైనా పుస్తకం మీద మనసైతే అంత తూకం కాగితం ఇంటి నుంచి తెచ్చి కాంటా మీద పెట్టాలి. ముందురోజు తొమ్మిదీ చెప్పకుండా తీసుకుపోయానని సుమిత్ర ఒప్పుకుంది.

"తెల్సు. నడిచేటప్పుడు మడతల గరగర సప్పుడయింది" అన్నాడు కొమురయ్య. "తూకానికి తూకం పెట్టమ్మా. నాకు బొమ్మలతోని పని లేదు."

మర్నాడు ఇంట్లో ఉన్న పెళ్ళిపత్రికలన్నీ మూట కట్టి తెచ్చింది. కొమురయ్య ఒకటి తీసి గోటితో గీకి నవ్వాడు. ఇరవై ఏండ్ల సంది పని చేస్తున్నవు, ఇవి గుజ్జుకు పనికిరావని నీకు నేను చెప్పాల్నా అన్నాడు. ముత్యమ్మ అందుకుని, కొడుకు పెండ్లిపత్రిక అచ్చయితె అది గూడ తెస్తదేమో అంది. అందరూ నవ్వారు. సుమిత్ర కూడా నవ్వి, పత్రికలను మళ్ళీ మూట కట్టుకుంది.

చివరికి తన ట్రంకు పెట్టె అడుగున ఉన్న కట్ట తెచ్చి ఇచ్చింది. వారపత్రికల్లోంచి కత్తిరించి కుట్టుకున్న సీరియళ్ళు అవి. ఏడో తరగతితో చదువాపేసిన మనిషికి ఆ కట్టే పై చదువు. కాంటా ముల్లు రెండువైపులా సమంగా నిలిచేదాకా చూసి, కొమురయ్య ఆమె వెనక్కి తెచ్చిన పొట్టేళ్ళను ఆమె వైపు నెట్టాడు. శుక్రవారానికి జోగిపేట సంచులన్నీ ఖాళీ అయ్యాయి. ఇరవై నాలుగు సంచికల్లో పదిహేడు దొరికాయి.

రాత్రి షిఫ్టు వారంలో శ్రావణ్ పగలు పడుకుంటాడు కాబట్టి, సాయంత్రం అతను వెళ్ళాక ఆమె పని మొదలుపెట్టేది. మైదా ఉడికించి జిగురు చేసింది. చిరిగిన ఆరో సంచిక అట్టకు వెనక పల్చటి కాగితం అంటించి, పొట్టేలు కొమ్మును వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపింది. పిన్నులు తుప్పుపట్టిన చోట వాటిని తీసేసి గోనెసూదితో, తెల్లదారంతో కుట్టింది. ఇన్నేళ్ళలో ఆ చేతులు చింపిన పుస్తకాన్ని తిరిగి కలపడం అదే మొదటిసారి.

కుడుతూ చదివింది. మందలోంచి తప్పిపోయిన పొట్టేలు ఊరూరా తిరుగుతుంది. దాని కాపరి దాన్ని వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. ప్రతి సంచికలోనూ ఆయన ఒక సందులో, ఇది ఇంకో సందులో. గజ్జెల చప్పుడు ఆయన చెవిన పడేలోపు ఏ రైలో, ఏ పెళ్ళి బాజానో అడ్డం వస్తుంది. చివరి సంచికలో ఏమవుతుందో ఆమెకు గుర్తులేదు. దొరికినవాటిలో అది లేదు.

డిగ్రీ చదువుతున్న సృజన ఆ పుస్తకాలను చూసి ముందు వెక్కిరించింది, తర్వాత ఫోన్ తీసి వెతికింది. ఎవరో తమ ఇంట్లో పాత టేపు మీదున్న, ఒకప్పుడు టీవీలో వచ్చిన ఈ పొట్టేలు కార్టూన్‌ను నెట్‌లో పెట్టారు. నాలుగే భాగాలు. రంగులు వెలిసి, బొమ్మ అప్పుడప్పుడు వణుకుతోంది. అయినా పొట్టేలు నడుస్తోంది.

ఘల్లు ఘల్లు నా కాళ్ళు, ఎవరిదమ్మా ఈ ఊరు...

ఆ పాట వినగానే సుమిత్ర చేతిలోని సూది ఆగిపోయింది. శ్రావణ్ చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే పక్కింటి టీవీ ముందు చేరి, ఇంటికి రాగానే రెండు స్టీలు గిన్నెలు కాళ్ళకు కట్టుకుని గదంతా తిరుగుతూ పాడేవాడు. గిన్నెలు సొట్టలు పోయాయని తాను తిట్టింది కూడా.

మూడు వందల మందే చూశారు దీన్ని అంది సృజన. కింద నాలుగైదు మాటలు రాసున్నాయి. ఆదిలాబాద్ నుంచి ఎవరో, దీని పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా, మా అన్నకు ఒంట్లో బాగాలేదు, ఒక్కసారి చూపించాలి అని రాశారు. సుమిత్ర దాన్ని మూడుసార్లు చదివించుకుంది. పెద్దవాళ్ళయినా ఇవి మర్చిపోరు కదా అంది. ఆ అన్నకు ఏమయిందో అని ఆ రాత్రంతా భయపడింది. తనది కాని ఇంటి గురించి కూడా.

*

ఆదివారంతో షిఫ్టు మారింది. శ్రావణ్ మధ్యాహ్నం రెండింటికి పోవాలి. సంగయ్య డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పన్నెండు అని వేలు చూపించి జోగిపేట బస్సుకు వెళ్ళిపోయాడు.

సుమిత్ర పదిహేడు పుస్తకాలనూ వరస ప్రకారం పేర్చి మంచం మీద పెట్టింది. శ్రావణ్ మొహం కడుక్కుని వచ్చి తువ్వాలు తీగ మీద వేయబోతూ వాటిని చూశాడు. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది.

"ఏడ దొరికినయమ్మా ఇవి?"

ఇన్ని నెలల్లో అతనంతట అతను అడిగిన మొదటి మాట. ఆమె అతని ఎదురుగా మంచం అంచున కూర్చుని, గోదాం గురించి, కొమురయ్య కాంటా గురించి, పెళ్ళిపత్రికల గురించి గబగబా చెప్పింది. అతను ఆమె మొహం మీది నుంచి చూపు తిప్పకుండా విన్నాడు. పెళ్ళిపత్రికల దగ్గర నవ్వాడు కూడా. ఆరో సంచిక తీసి, అట్ట మీద అతుకు దగ్గర వేలితో నిమిరి, బాగా కుట్టినవమ్మా అన్నాడు. పేజీలు తిప్పుతుంటే అతని మొహంలోంచి ఏళ్ళు రాలిపోతున్నట్టు ఉంది.

ఇదే సమయం అనుకుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అతను తలెత్తేదాకా ఆగి చెప్పింది.

"బిడ్డా, గప్పుడు నీ పుస్తకాలు కుప్పల పోసి తప్పు జేసిన. అది మనసుల పెట్టుకోకు."

అతను కనుబొమలు ముడిచాడు. "ఏ పుస్తకాలు?"

"గివే. నీ పదో తరగతిల."

"గవా?" అతను నిజంగానే గుర్తు చేసుకుంటున్నాడు. "గవి నేనెప్పుడో మర్చిపోయినమ్మా. నీకింక యాదికుందా?"

మళ్ళీ బొమ్మల్లోకి వంగాడు. సుమిత్ర పదకొండేళ్ళు మోసిన తప్పును అతను ఒక్క మాటతో తీసేశాడు, సంతోషం రావాలి. కానీ అది కాకపోతే మరి ఏది? దీనికంటే పెద్దది తానేం చేసింది?

అప్పుడే చెవుల్లో ఇయర్‌బడ్స్‌తో సృజన ఉతికిన బట్టల బకెట్ చంకన పెట్టుకుని వచ్చి, కార్టూన్ పెట్టిన ఫోన్‌ను అన్న చేతిలో ఉంచి, డాబా మీదికి వెళ్ళిపోయింది. శ్రావణ్ గోడకు జారగిలబడి ఫోన్‌ను మోకాలి మీద నిలబెట్టుకున్నాడు. తెర మీద పేరు పడింది. పొట్టేలు కొండ దిగి వస్తోంది. సుమిత్ర అతని వెనకవైపు మంచం మీద కూర్చుని తొంగి చూసింది. పాట ఇంకా రావడం లేదు. మొన్న పేరు పడగానే వచ్చింది కదా అనుకుంది. పొట్టేలు ఊళ్ళోకి వచ్చింది, తల ఊపుతూ నోరు తెరిచి పాడుతోంది. ఫోన్ మాత్రం రాయిలా ఉంది.

శ్రావణ్ వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి.

"పాట ఇప్పటికి గూడ మంచిగనే ఉందమ్మా" అన్నాడు.

ఆమె ఏదో అనబోయింది. అంతలో డాబా పిట్టగోడ మీది నుంచి సృజన కేక వేసింది, కింది ఇంటివాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా.

"అన్నా, మీ పొట్టేలు పాట నా చెవుల మోగుతుంది. జెర బ్లూటూత్ బంద్ చెయ్యి."

శ్రావణ్ వేళ్ళు అలాగే కదులుతున్నాయి.

సుమిత్ర అతని తల వెనక భాగాన్ని చూసింది. చిన్నప్పుడు మెట్ల మీద పడితే పడిన మచ్చ ఇంకా అక్కడే ఉంది. "శ్రావణ్" అంది. ఇంకొంచెం గట్టిగా "శ్రావణ్" అంది. తర్వాత, చాలా ఏళ్ళుగా పిలవని పిలుపు, "చిన్నోడా" అంది. తెర మీద కాపరి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. శ్రావణ్ చిన్నగా నవ్వుకున్నాడు.

ఆమె నీడ కదిలి ఫోన్ మీద పడింది కాబోలు, అతను తిరిగి చూశాడు. తల్లి మొహం చూశాడు. ఫోన్ చూశాడు. పైన మూలన ఉన్న చిన్న బ్లూటూత్ గుర్తు దగ్గర అతని చూపు ఆగింది. వేళ్ళు ఆగిపోయాయి.

"ఎప్పట్నుంచి?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"కొంగు తియ్యమ్మా. కనవడుతలేదు."

ఆమె కొంగు తీసింది. మళ్ళీ అడిగింది.

"రెండేండ్లయితుంది. ముందుగాల గుయ్యిమని ఒకటే మోత ఉండె. తర్వాత అదీ పోయింది. ఎడమ చెవు మొత్తమే లేదు. కుడి పక్కకొచ్చి ఒర్రితె సప్పుడు తెలుస్తది, మాట తెల్వది. ఎదురుంగుంటె నోరు సూసి సమజ్ చేసుకుంట."

దాచిపెట్టిన మాటలు ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా వచ్చాయి. సుత్తె మిషన్ దగ్గర ఎవరూ మాట్లాడుకోరట. మిషన్ నడిపేది బీహార్ మనిషి, అతనికి తెలుగు రాదు, వీడికి అతని మాట రాదు. ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా చేతి సైగలే. అందుకే అక్కడ ఎవరికీ తెలియలేదు. చెవుల్లో పెట్టుకునే బిరడాలు, పెద్దసార్లు చూడటానికొచ్చే రోజున పంచి సాయంత్రం లెక్కపెట్టి తీసుకుంటారట. ఏటా ఒకసారి డాక్టరు వ్యాను వస్తుందట. అద్దాల డబ్బాలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. మొదటి ఏడాది నొక్కలేకపోయిన ఇద్దరు ముసలివాళ్ళను మర్నాడు గేటు దగ్గరే ఆపి పనిలోంచి తీసేశారట. ఆ తర్వాత నుంచి కాంట్రాక్టరు మనిషి డాక్టరు వెనక నిలబడి, ఆయన చప్పుడు పంపడం చూసినప్పుడల్లా వేలు ఎత్తుతాడు. లోపలివాళ్ళు ఆ వేలు చూసి నొక్కుతారు. అందరికీ చెవులు బాగున్నాయని కాగితం వస్తుంది. శ్రావణ్‌కు కూడా వచ్చింది.

"ఆయన మంచోడమ్మా" అన్నాడు. "ఆయన వేలు ఎత్తకపోతె పోయినేడే ఇంట్ల కూసునేటోన్ని."

సుమిత్ర ఆ మనిషిని మనసులో తిట్టబోయి తిట్టలేకపోయింది, మెచ్చుకోబోయి అదీ చేతకాలేదు. ఇన్నాళ్ళూ కంపెనీలో గ్యాసు లీకవుతుందని భయపడింది. ఎర్రటి ఇనుము కాలి మీద పడుతుందని భయపడింది. రాత్రి షిఫ్టు నుంచి వస్తుంటే హైవే మీద లారీ గుద్దుతుందని భయపడింది. పేపర్లో ఏ కంపెనీ మంట వార్త వచ్చినా ముందు పేర్లు వెతికింది. ఇన్ని భయాలు కాపలా పెట్టినా, ఇది ఆమె పక్క నుంచే, ఆమె పిలిచిన ప్రతి పిలుపు వెంటా లోపలికి వచ్చి కూర్చుంది. కోపమే అయితే ఎంత బాగుండేది. కోపాన్ని కాళ్ళు పట్టుకునైనా దింపేది.

"చప్పుడు లేకుంట ఏం సూసినవురా మరి?" అంది ఫోన్ వైపు చూపిస్తూ.

"పాట యాదికున్నదిగద. లోపల్నే వినవడ్డది" అన్నాడు. తర్వాత ఆరో సంచిక ఒళ్ళోకి తీసుకుని, పొట్టేలు కాళ్ళ పక్కన వంకరటింకరగా రాసిన 'ఘల్లు ఘల్లు' మీద వేలు పెట్టి చూపించాడు. "గీ పుస్తకాలే నయమమ్మా. వీటిల సప్పుడు గూడ రాసుంటది."

పన్నెండు కావస్తోంది. జోగిపేట పిల్ల సంగతి ఆమె అడగలేదు, అతనే చెప్పాడు. ఆ పిల్ల మేనమామ వీళ్ళ కాంట్రాక్టరు దగ్గరే పనిచేస్తాడు. నిజం చెబితే మర్నాటికి కంపెనీలో తెలుస్తుంది.

"చెప్పకుంట చేసుకునుడు నాతోని కాదమ్మా. పిల్ల నచ్చలేదని చెప్పు నాయినకు. నాయినకు గూడ నిజం చెప్పకు, ఆగలేడు, గేటు కాడికొచ్చి లొల్లి పెడ్తడు."

ఆమె తన ఫోన్ తీసుకుని సంగయ్యకు చేసింది. పిల్ల నచ్చలేదంట అంది. అవతల నలుగురిలో ఉన్నాడేమో, గొంతు తగ్గించి మొదలుపెట్టి, ఆపుకోలేక పెంచాడు. వానికి ఒళ్ళంత పొగరు, పెంపకం నీది గదా, ఇంకోసారి నేను ఎవరి గడప తొక్కను, నా కండ్లముందుకు రావద్దని చెప్పు అన్నాడు. ఫోన్‌లోంచి ఆ కేకలు గదంతా వినిపించాయి. శ్రావణ్ తల్లి మొహాన్నే చూస్తున్నాడు.

"ఏమన్నడు?"

"సరే అన్నడు" అంది సుమిత్ర. అతను తలూపాడు.

సృజన ఖాళీ బకెట్‌తో దిగివచ్చి, ఇద్దరినీ చూసి, నెమ్మదిగా పక్క గదిలోకి వెళ్ళిపోయింది. సుమిత్ర లేచి అన్నం సర్దింది. పప్పు డబ్బా మూత రెండుసార్లు జారి పడింది. పెద్ద చప్పుడే అయింది.

ఒంటిగంట దాటాక శ్రావణ్ గడప దగ్గర కూర్చుని కంపెనీ బూట్లు తొడుక్కున్నాడు. ఇనుప ముక్కు ఉన్న బరువైన బూట్లు. తల వంచి లేసులు బిగిస్తున్నాడు.

"పోకు బిడ్డా" అంది ఆమె, అతని వెనక నిలబడి.

అతను రెండో బూటు లాక్కున్నాడు.

"ఆ పని వద్దు మనకు. రేపట్నుంచి ఇంట్ల ఉండు. ఉన్నది తిందం. పోకు" అంది. ఒక్కసారి భుజం తడితే చాలు, తిరిగి చూస్తాడు. ఆమె చెయ్యి కొంగులోనే ఉండిపోయింది.

అతను లేచి, బ్యాగు అందుకుని, ఇటు తిరిగాడు. ఇప్పుడు దాచాల్సిందేమీ లేదు కాబట్టి సూటిగా ఆమె పెదవులనే చూస్తూ నిలబడ్డాడు. రోజూ ఈ గడప దగ్గర ఆమె ఏదో ఒకటి చెబుతుందని అతనికి తెలుసు. ఇన్నాళ్ళూ వీపుతో దాటిపోయినవాడు ఇవాళ చదవడానికి ఆగాడు.

సుమిత్ర కొంగుతో నోరు తుడుచుకుని, బాగా కనబడేలా ఒక్కొక్క మాటే చెప్పింది.

"ఉల్లిగడ్డ వేరే డబ్బల పెట్టిన."

"సరే అమ్మా" అని వెళ్ళాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు కింది మెట్టుదాకా వినిపించింది.